కీళ్ళకు కొత్త బతుకునిచ్చిన జాన్ చార్న్‌లీ

ఆత్మకూరు బస్టాండులో ఓ అరగంట నిలబడి చూస్తే చాలు, మోకాళ్ళ సంగతి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. ఉదయగిరి బస్సు వచ్చి ఆగుతుంది. అరవై దాటిన అవ్వలు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి మోకాటి మీద అదిమిపెట్టి, దేవుణ్ణి తలుచుకుంటూ పైకెక్కుతారు. ఎవరిని పలకరించినా ఒకటే మాట. గుజ్జు అరిగిపోయిందట, మార్పించుకోవాలట. ఎక్కడ మార్పించుకోవాలి, ఎట్లా మార్పించుకోవాలి అనే దగ్గర మాత్రం ఏ ఇద్దరి మాటా కలవదు. ఒకామెకు రెండు కాళ్ళూ ఒకేసారి చేశారు. ఇంకొకాయనకు కొన్ని నెలల ఎడంతో ఒక్కొక్కటి చేశారు. ఒకరికి మోకాటిచిప్ప లోపలివైపు ప్లాస్టిక్ బిళ్ళ అతికించారు, మరొకరి చిప్పను అసలు ముట్టుకోలేదు. విదేశంలో కొడుకు దగ్గర చేయించుకుని వచ్చిన పెద్దాయనది ఇంకో రకం. ఇన్ని ఊళ్ళలో ఇన్ని రకాలుగా చేస్తుంటే అసలు సరైన పద్ధతి ఏది? మిగిలిన వాళ్ళంతా మోసపోయినట్టేనా?

ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక మహానుభావుడి జీవితం దగ్గర ఆగుతాము. ఆయన పేరు సర్ జాన్ చార్న్‌లీ. అరిగిపోయిన కీలును తీసి కొత్త కీలు అమర్చే విద్యను నమ్మదగిన విద్యగా నిలబెట్టిన ఇంగ్లండు శస్త్రవైద్యుడు. ఆయన పేరు తుంటి కీలుతో ముడిపడి ఉన్నా, ఈనాటి మోకాటి మార్పిడికి కూడా పునాదిరాళ్ళు ఆయన ఆసుపత్రిలోనే పడ్డాయి.

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతపు బరీ పట్టణంలో జన్మించారు. అది నూలు మిల్లుల సీమ. తండ్రి మందుల దుకాణం నడిపేవారు, తల్లి నర్సుగా శిక్షణ పొందిన మనిషి. ఇంట్లో ఒక పక్క మందులు, మరో పక్క రోగుల కబుర్లు. పిల్లవాడికి మాత్రం యంత్రాలంటే ప్రాణం. 1929లో మాంచెస్టర్ వైద్య కళాశాలలో చేరి, 1935లో పట్టా పుచ్చుకుని, ఆ మరుసటి ఏడే రాయల్ కాలేజీ ఫెలోషిప్ కూడా సంపాదించారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. చార్న్‌లీ సైన్యపు వైద్య విభాగంలో చేరారు. 1940లో డన్‌కర్క్ తీరం నుంచి సైనికులను తరలించే పనిలో పాలుపంచుకున్నారు. తర్వాత ఈజిప్టుకు పంపారు. అక్కడ విరిగిన కాళ్ళూ చేతులతో వచ్చిన సైనికుల కోసం కట్టుబద్దలూ, నడకకు ఊతమిచ్చే పరికరాలూ తయారుచేసే పని ఆయన చేతికి వచ్చింది. మరమ్మతుల విభాగపు మెకానిక్కులతో కలిసి, ఇనుము వంచి, కొలిచి, మళ్ళీ వంచి చేసిన ఆ పనే ఆయనకు రెండో విశ్వవిద్యాలయం అయింది. ఎముకను ప్రాణమున్న వస్తువుగానూ, బరువు మోసే దూలంగానూ ఒకేసారి చూడడం ఆయనకు అక్కడ అలవడింది.

యుద్ధం ముగిశాక 1946లో ఆస్వెస్ట్రీ ఎముకల ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేశారు. ఎముక అతుకు ఎట్లా పట్టుకుంటుందో తెలుసుకోవాలని ఆయనకు పట్టుదల. ఇంకొకరి మీద ప్రయోగం చేయడానికి మనసొప్పలేదు. తోటి డాక్టరును బతిమాలి తన ముంగాలి ఎముక మీదే కోత పెట్టించుకున్నారు. గాయం చీము పట్టింది, ఎముకకు రోగం తగిలింది, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు కావలసి వచ్చింది. చదువుకున్నవాడు చేయదగ్గ పనేనా ఇది అని మనం అనుకోవచ్చు. కాని కోతలో క్రిమి చేరితే ఏమవుతుందో పుస్తకంలో కాక తన కాలిలోనే చదువుకున్న వైద్యుడు ఆయన. ఆ పాఠం తర్వాత వేలాదిమందికి పనికొచ్చింది.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో శస్త్రవైద్యులుగా కుదిరారు. 1950లో మామూలు ఎముక విరుగుళ్ళను కోత లేకుండా సరిచేయడం గురించి ఒక పుస్తకం రాశారు. చేత్తో సర్ది, పట్టీ వేసి, ప్రకృతి అతికే దాకా ఎదురుచూడడం ఎట్లాగో అందులో వివరించారు. పుత్తూరు కట్టుకు పోయి వచ్చే మన ప్రాంతం వారికి ఈ ఆలోచన కొత్తగా తోచదు. అయితే చార్న్‌లీ ఏ బలం ఎటు లాగుతుందో, ఏ కండరం ఎటు వంచుతుందో ఎక్స్‌రేలతో, కొలతలతో చూపించారు.

ఇక్కడ మన కథకు కావలసిన ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మోకాళ్ళ విషయంలో ఆయనకు మొట్టమొదట పేరు తెచ్చింది మార్పిడి కాదు, బిగింపు. ఆ రోజుల్లో క్షయ పట్టిన మోకాటికీ, పూర్తిగా పాడైన మోకాటికీ ఉన్న చికిత్స ఏమంటే, తొడ ఎముకనూ ముంగాలి ఎముకనూ కలిపి ఒకే కర్రలా అతికించేయడం. అతుకు పడడానికి నెలలకు నెలలు పట్టేది. చార్న్‌లీ రెండు ఎముకల గుండా మేకులు దూర్చి, బయటనుంచి మరలు బిగించి, రెండింటినీ గట్టిగా ఒకదానికొకటి అదిమిపెట్టే సాధనం తయారుచేశారు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. కొద్ది వారాల్లోనే అతుకు పట్టేది. నొప్పి పోయేది. కాలు మాత్రం ఇక వంగదు.

కుర్చీలో కూర్చుని, బల్ల మీద తిని, మంచం మీద పడుకునే దేశంలో వంగని కాలుతో ఎట్లాగో బతకవచ్చు. వేరుశెనగ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే మనిషికి, పీట మీద కూర్చుని పొయ్యి రాజేసే తల్లికి, మసీదులో మోకరించే ముసలాయనకు, బాసింపట్టు వేసుకుని బంతిలో భోంచేసే వారికి వంగని కాలంటే సగం బతుకు పోయినట్టే. ఒకే ఆపరేషను ఒక సీమలో వరం, ఇంకో సీమలో శిక్ష. ప్రాంతాన్ని బట్టి చికిత్స మారడం అనేది డాక్టర్ల ఇష్టాయిష్టాలతో పుట్టింది కాదు. నేల మీద కూర్చునే తీరుతోనే పుట్టింది.

ఆ తర్వాత చార్న్‌లీ దృష్టి తుంటి మీదకు మళ్ళింది. పారిస్‌లో జూడే సోదరులు తయారుచేసిన యాక్రిలిక్ తుంటి బంతిని అమర్చుకున్న ఒక రోగి ఆయన దగ్గరికి వచ్చాడు. అతను ముందుకు వంగితే చాలు తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక అతని భార్య దూరంగా మసలేదట. వినేవాళ్ళకు నవ్వొచ్చే సంగతే. చార్న్‌లీ నవ్వి ఊరుకోలేదు. చప్పుడు వస్తుందంటే రాపిడి ఉంది, రాపిడి ఉంటే కీలు వదులైపోతుంది అని ఊహించారు. జంతువుల కీళ్ళను తెచ్చి రాపిడి కొలిచారు. మంచు మీద మంచు జారినదాని కంటే నున్నగా మన కీలు జారుతుందని గ్రహించారు. మనిషి చేసిన కీలు అంత నున్నగా జారాలంటే బంతి చిన్నదిగా ఉండాలి, గిన్నె రాపిడి లేని పదార్థంతో చేయాలి, రెండూ ఎముకలో కదలకుండా కూర్చోవాలి. ఈ మూడు సూత్రాలే ఆయన జీవితకార్యం.

బంతి 22 మిల్లీమీటర్లది. ఎముకకు పట్టు కోసం పళ్ళ డాక్టర్లు వాడే యాక్రిలిక్ పదార్థాన్ని సిమెంటుగా తీసుకున్నారు. మాంచెస్టర్ దంత వైద్యశాలలోని డెన్నిస్ స్మిత్ అందుకు తోడ్పడ్డారు. గిన్నెకు మాత్రం ఆయన ఎంచుకున్నది టెఫ్లాన్, ఈనాడు నాన్‌స్టిక్ పెనాలకు పూసే పదార్థమే. 1958 నుంచి విగన్ పట్టణం దగ్గరి రైటింగ్‌టన్ ఆసుపత్రిలో, ఒకప్పటి క్షయరోగుల వార్డులలో, ఈ పని సాగింది. మంచాన పడ్డవాళ్ళు లేచి నడిచారు. సుమారు మూడు వందల మందికి అమర్చారు. పేరు మారుమోగింది.

రెండు మూడేళ్ళకు ఆ ఆనందమంతా ఆవిరైంది. టెఫ్లాన్ అరగడం మొదలుపెట్టింది. అరిగిన పొడి చుట్టూ కండలో గడ్డలు కట్టాయి, ఎముక కరిగింది. నొప్పి తిరిగి వచ్చింది. ఇంకొకరైతే రోగుల వయసు మీదో, బరువు మీదో నెపం వేసి ఉండేవారు. చార్న్‌లీ ఆ పని చేయలేదు. విఫలమైన కేసులను దాచలేదు. టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని, గడ్డ కట్టడం స్వయంగా తడిమి చూసుకున్నారు. ఆ రోగులను పిలిపించి మళ్ళీ ఆపరేషన్లు చేశారు. తాను పెట్టిన గిన్నెలను తన చేతులతోనే ఊడదీశారు. ఆ రోజుల్లో ఆయన పడిన వేదన ఎంతటిదో ఊహించుకోవలసిందే.

1962లో ఒక ప్లాస్టిక్ అమ్మకందారుడు రైటింగ్‌టన్‌కు ఒక ముక్క తెచ్చి ఇచ్చాడు. లాంకషైర్ మిల్లుల మగ్గాలలో పళ్ళచక్రాలకు వాడే పాలిథిలీన్ అది. చార్న్‌లీకి మొదట నచ్చలేదు, పక్కన పారేయమన్నారు. ఆయన దగ్గర పనిచేసే మెకానిక్కు హ్యారీ క్రావెన్ పారేయలేదు. గురువు ఊళ్ళో లేని సమయం చూసి దాన్ని అరుగుదల మిషనుకు బిగించాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత ఈ ప్లాస్టిక్ మూడు వారాలకు కూడా అరగలేదు. తిరిగి వచ్చిన చార్న్‌లీ చూశారు, తన మాట తప్పని ఒప్పుకున్నారు. ఆ ఏడు నవంబరులో మొదటి పాలిథిలీన్ గిన్నె ఒక రోగికి అమర్చారు. ఈనాడు ప్రపంచంలో తుంటికైనా మోకాటికైనా లోహానికి ఎదురుగా సాధారణంగా కూర్చునేది ఆ మగ్గపు చక్రపు జాతి ప్లాస్టిక్కే. మెకానిక్కు మాట వినగలిగిన డాక్టరు ఉండబట్టే ఇది సాధ్యమైంది.

ఈసారి ఆయన తొందరపడలేదు. రైటింగ్‌టన్‌కు వచ్చి, కొన్నాళ్ళు ఉండి, పని నేర్చుకున్న వైద్యులకు తప్ప తన కీలును అమ్మవద్దని తయారీదారులకు షరతు పెట్టారు. ఆపరేషను గది గాలిలోని క్రిములే చీముకు కారణమని నమ్మి, వడగట్టిన గాలి పైనుంచి కిందికి వీచే గాజుగది వంటిది కట్టించారు. సర్జన్లు విడిచే గాలి కూడా రోగి మీద పడకుండా గొట్టాలున్న దుస్తులు తొడిగించారు. మొదట్లో నూటికి ఏడుగురి దాకా చీము పట్టేది, పదేళ్ళు తిరిగేసరికి అది నూటికి ఒకటి కన్నా తగ్గింది. ఇంకొకటి కూడా చేశారు. మీరు కాలం చేశాక ఈ కీలును మాకు తిరిగి ఇప్పించండి, లోపల ఎట్లా ఉందో చూసి నేర్చుకుంటాం అని రోగులను అడిగారు. చాలామంది సంతోషంగా ఒప్పుకున్నారు.

ఇక మోకాలు. తుంటి బంతీ గిన్నే వంటిది, ఒక్క చోట తిరుగుతుంది. మోకాలు అట్లా కాదు. వంగేటప్పుడు దొర్లుతుంది, జారుతుంది, కొంచెం మెలితిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచేవి లిగమెంట్లు అనే నారలు. కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఫ్రాంక్ గన్‌స్టన్ అనే యువ సర్జను రైటింగ్‌టన్‌కు చదువుకోవడానికి వచ్చారు. గురువు లోహాన్నీ, ప్లాస్టిక్‌నూ, సిమెంటునూ తీసుకుని 1968లో మోకాటికి అమర్చారు. తొడ ఎముకకు ఉక్కు వంపులు, ముంగాలి ఎముకకు ప్లాస్టిక్ పట్టాలు. ఈనాటి మోకాటి మార్పిడికి అదే తొలి అడుగు. చార్న్‌లీ కూడా తర్వాత ఒక మోకాలును రూపొందించారు గాని, తుంటిలో వచ్చిన విజయం అందులో రాలేదు. మోకాటి మార్పిడి మిగతా మెట్లు వేరే ఊళ్ళలో ఎక్కింది.

అక్కడినుంచే దారులు చీలాయి. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం మోకాలంతటినీ మార్చే నమూనా తెచ్చింది. అందులో మన దేశం నుంచి వెళ్ళిన చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. తర్వాత 2000, 2001 సంవత్సరాలలో ప్రధాని వాజ్‌పేయి మోకాళ్ళు మార్చింది ఆయనే. న్యూయార్క్ వారు వెనుక లిగమెంటును తీసేసి, దాని పనిని ప్లాస్టిక్ మీది బొడిపెకు అప్పగించారు. కొన్ని గంటల ప్రయాణం దూరాన ఉన్న బోస్టన్ వారు ఆ లిగమెంటును కాపాడుకుంటూ వచ్చారు. ఎవరి శిష్యులు వారి దారినే పట్టారు.

చిప్ప సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో అత్యధిక భాగం సర్జన్లు చిప్ప లోపలివైపు చెక్కి ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు. స్వీడన్, నార్వే దేశాల్లో చాలాకాలంగా కొద్దిమందికే అట్లా చేస్తూ వచ్చారు. పక్కనే ఉన్న డెన్మార్క్‌లో నూటికి డెబ్బై మందికి పైగా చేస్తారు. మనుషులు ఇంచుమించు ఒకటే, చలి ఒకటే, తిండి ఒకటే. ఫలితాల్లో మాత్రం పెద్ద తేడా లేదు. బిళ్ళ వేయనివారిలో కొందరికి తర్వాత మళ్ళీ ఆపరేషను చేసి వేయవలసి వస్తుంది. వేసినవారిలో కొందరికి పలచబడిన చిప్ప విరుగుతుంది. అంటే ఈ తేడాలో ఎక్కువ భాగం గురువుల నుంచి శిష్యులకు దిగిన ఆచారం. స్వీడన్ వారు 1975లోనే దేశమంతటి మోకాటి మార్పిడుల లెక్క రాయడం మొదలుపెట్టారు గనుక తమ ఆచారం నష్టం చేస్తోందో లేదో వారికి తెలుసు. లెక్క లేని చోట ఆచారం మంచిదో చెడ్డదో ఎవరు చెబుతారు?

మరి మన దేశం? ఇక్కడ రెండు మోకాళ్ళూ ఒకే విడతలో మార్చడం తరచుగా జరుగుతుంది. మనవాళ్ళు రెండు కాళ్ళూ దొడ్డికాళ్ళయ్యే దాకా ఓర్చుకుని ఆలస్యంగా వస్తారు. రెండుసార్లు ఆసుపత్రి ఖర్చు, రెండుసార్లు తోడు మనిషి, రెండుసార్లు కూలి పోవడం ఎవరి తరం? గుండె గట్టిగా ఉన్నవారికి అది తగిన ఏర్పాటే, లేనివారికి ప్రమాదం. 2017 ఆగస్టులో కేంద్రం మోకాటి పరికరాలకు గరిష్ఠ ధరలు కట్టినప్పుడు మామూలు రకానికి 54,720 రూపాయలు, ఎక్కువగా వంగే రకానికి 56,490 రూపాయలు అని పన్ను కాక విడిగా నిర్ణయించింది. నేల మీద కూర్చునే అలవాటు ధరల పట్టికలోకి కూడా ఎక్కిందన్నమాట. అయినా ఏ రకం వేసినా గొంతుక్కూర్చోవద్దనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు.

మన మెట్టకు ఇంకొక ప్రత్యేకత ఉంది, అది గర్వపడేది కాదు. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ వ్యాధిని అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి లోకానికి తెలిపారు. నాగలికి కట్టిన ఎద్దులు బిగుసుకుపోవడం రైతులు అంతకు ముందే కనిపెట్టారని చెబుతారు. ఉదయగిరి వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని తర్వాతి పరిశీలనలు కూడా చూపాయి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని వర్ణించారు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగిన ఎముక చూడ్డానికి దట్టంగా ఉంటుంది, లోపల పెళుసు. నారలు సున్నం పట్టి బిగుసుకుంటాయి. అటువంటి ఎముక కోయడం కష్టం, సిమెంటు ఇంకడం కష్టం. ఉదయగిరి చెక్క చెంచాలు చెక్కేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చెక్కను బట్టి పనిముట్టూ మారాలి, పట్టూ మారాలి. లోపలికి వంగిన పిల్లవాడి కాలికి కీలు మార్పిడి కాదు, ఎముకను కోసి సరిచేయడం తగిన చికిత్స. అన్నిటికంటే ముందు తాగే నీళ్ళు మారాలి. పెన్న మీద సోమశిల కట్టుకున్న జిల్లాలో ఇది చేతకాని పని కాదు.

చార్న్‌లీకి 1974లో లాస్కర్ బహుమతి వచ్చింది. 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1977లో సర్ బిరుదు ఇచ్చారు. 1982 ఆగస్టు 5న, తన డెబ్బై ఒకటో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, కన్నుమూశారు. అప్పటికి ఆయన శిష్యులు ఖండఖండాల్లో ఉన్నారు. వారిలో చాలామంది గురువు పద్ధతిని అక్షరాలా పాటించలేదు, తమ తమ సీమలకు తగ్గట్టు మార్చుకున్నారు. తన మొదటి పద్ధతిని తానే ఊడదీసి పారేసిన గురువుకు అది అపచారం కాదు.

మిత్రులారా, మనలో కొందరు డాక్టర్లవుతారు. కొందరు నీళ్ళు పరీక్షించే ఉద్యోగాల్లోకి పోతారు. అందరమూ ఏదో ఒక రోజు అమ్మనో అవ్వనో వెంటబెట్టుకుని ఎముకల డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంటాము. ఆ రోజు చిప్ప మారుస్తారా, లిగమెంటు ఉంచుతారా అని తగువు పెట్టుకోనక్కరలేదు. ఈమె ఇంట్లో ఎట్లా కూర్చుంటుందో, ఏ బావి నీళ్ళు తాగి పెరిగిందో డాక్టరుకు చెప్పాలి. ఏడాదికి ఎందరికి చేస్తారు, చేసినవాళ్ళను మళ్ళీ పిలిచి చూస్తారా, చెడిపోయినవెన్ని అని అడగాలి. అమర్చిన కీలు వివరాల కాగితం అడిగి తీసుకుని ఇంట్లో భద్రం చేయాలి. మన దేశంలో సర్జన్ల సంఘం 2006లో లెక్కల పుస్తకం తెరిచింది గాని, అందులో రాయడం ఎవరి ఇష్టం వారిది. అందరూ రాసేలా చేయడం మన తరం పని. ఊరిని బట్టి పద్ధతి మారితే భయం లేదు. తన తప్పులు తాను లెక్కపెట్టుకోని చేతికి మాత్రం మన అవ్వ మోకాలు అప్పగించకూడదు.